తడపకముందే తల చూడాలి
హెయిర్ స్టైలిస్టు పని మీద పాఠకుల ప్రశ్నలు, జవాబులు

జుట్టు పనిలోకి రావాలనుకునేవాళ్లు, వచ్చి ఇబ్బంది పడుతున్నవాళ్లు ఏదైనా అడగాలనుకుంటే రాయమని పోయిన సంచికలో చెప్పాం. ఇన్ని ఉత్తరాలు వస్తాయని నేను అనుకోలేదు. జవాబులు చదివే ముందు నేనెవరో రెండు ముక్కల్లో చెబుతాను. మా నాన్నది ద్రాక్షారామం దగ్గర ఒక పల్లెలో కటింగ్ షాపు. పెళ్లిళ్ల రోజుల్లో సన్నాయి, మిగతా రోజుల్లో కత్తెర. ఆడపిల్ల చేతికి కత్తెర ఇవ్వడం మా ఇంట్లో అప్పటికి లేదు. 1999లో రాజమండ్రిలో ఒక పార్లర్‌లో నేల ఊడ్చే పనికి చేరి, అక్కడే నేర్చుకున్నాను. ఇప్పుడు ఇదే ఊళ్లో నాకు నాలుగు కుర్చీల సెలూన్ ఉంది. నా చేతుల మీదుగా తెలిసినంతవరకే జవాబు చెబుతాను.

*

డిగ్రీ అయిపోయింది. హెయిర్ స్టైలిస్టు అవ్వాలని ఉంది. హైదరాబాద్‌లో ఒక అకాడమీ మూడు నెలల కోర్సుకు లక్షా అరవై వేలు అడుగుతోంది. కోర్సు అయ్యాక నెలకు నలభై వేల ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. నాన్న అప్పు చేసి కడతానంటున్నారు. చేరనా?
– ఒక పాఠకురాలు, నర్సీపట్నం

అమ్మా, ఆ అప్పు ఇప్పుడే చేయొద్దని నాన్నగారికి చెప్పు. ముందు మీ ఊళ్లోనో, విశాఖపట్నంలోనో బాగా నడిచే ఒక సెలూన్‌లో మూడు నెలలు హెల్పర్‌గా చెయ్యి. తల రుద్దడం, జుట్టు ఊడ్చడం, తువ్వాళ్లు ఉతకడం, రంగు కలిపి ఇవ్వడం లాంటి పనులే ఉంటాయి. రోజుకు పది గంటలు నిలబడి, ఎవరి తలో ముట్టుకుంటూ, ఎవరి విసుగో భరిస్తూ, సాయంత్రానికి ఇంకా నీకు ఈ పని మీద ఇష్టం ఉందా లేదా అన్నది అక్కడ తేలిపోతుంది. ఇష్టం ఉంటే అప్పుడు డబ్బు పెడదాం.

తక్కువ ఖర్చు దారులు కూడా ఉన్నాయి. ఐటీఐల్లో కాస్మొటాలజీ అని ఏడాది కోర్సు ఉంది. జుట్టు, చర్మం రెండూ నేర్పుతారు. బ్యూటీ అండ్ వెల్‌నెస్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ సర్టిఫికెట్ ఇచ్చే అసిస్టెంట్ హెయిర్ స్టైలిస్టు, హెయిర్ స్టైలిస్టు కోర్సులున్నాయి. ముందు వీటి గురించి కనుక్కో.

అప్పటికీ ఆ అకాడమీయే కావాలనిపిస్తే, ఫీజు కట్టే ముందు ఒక రోజు క్లాసులో వెనక కూర్చుని చూస్తానని అడుగు. ఒప్పుకోకపోతే అక్కడే ఆగిపో. ఒప్పుకుంటే మూడు విషయాలు గమనించు: ఒక టీచర్‌కు ఎంతమంది పిల్లలున్నారు, మూడు నెలల్లో డమ్మీ తలలు కాకుండా మనుషుల తలలు ఎన్ని చేయిస్తారు, చేసిన తప్పును పక్కన నిలబడి దిద్దేది ఎవరు. ఉద్యోగం గ్యారంటీ అన్న మాటను, జీతంతో సహా కాగితం మీద రాసి ఇమ్మను. రాసివ్వని గ్యారంటీని లెక్కలోకి తీసుకోకు.

డమ్మీ తల గురించి ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, డమ్మీకి సుడి ఉండదు. మెడ కదపదు. చెవి వెనక చెమట పట్టదు. మనిషి తలలో నడినెత్తిన సుడి ఎటు తిరిగితే జుట్టు అటు పడుతుంది. కొందరికి రెండు సుళ్లుంటాయి. ఆ చోట పొట్టిగా కోశావంటే జుట్టు నిక్కబొడుచుకుని నిలబడుతుంది. ఏ జెల్లూ దాన్ని పడుకోబెట్టలేదు. డమ్మీ మీద వంద తలలు కోసిన పిల్లలు మొదటి మనిషి తల దగ్గర ఆగిపోవడం చాలాసార్లు చూశాను.

నాకు నేర్పిన ఆవిడ మొదటి నలభై రోజులు కత్తెర ముట్టనివ్వలేదు. జుట్టును నాలుగు భాగాలు చేసి పిన్నులు పెట్టడం, అర అంగుళం మందాన పాయ తియ్యడం, దాన్ని రెండు వేళ్ల మధ్య ఒకే బిగువుతో పట్టుకోవడం, అంతే. ఒక పాయ గట్టిగా, ఒక పాయ వదులుగా పట్టుకుంటే కోసిన గీత ఎంత తిన్నగా ఉన్నా ఆరాక వంకరే. తర్వాత పాయను ఎంత ఎత్తులో పట్టి కోయాలో చెప్పింది. కిందికి వదిలి కోస్తే అంచంతా ఒకే గీత. 45 డిగ్రీలు లేపి కోస్తే అంచు దగ్గర మెట్లు మెట్లుగా మందం వస్తుంది. తలకు నిటారుగా, అంటే 90 డిగ్రీల్లో లేపి తల చుట్టూ కోస్తే లేయర్లు వస్తాయి. ఫోన్‌లో కనిపించే కటింగులన్నీ ఈ మూడింటి కలగలుపే. ఈ మూడూ నీ చేతికి వచ్చేదాకా కొత్త పేర్ల వెంట పరిగెత్తకు. నా దగ్గర బాగా కష్టపడ్డ పిల్లలకు కూడా అందుకు ఏడాదిన్నర పట్టింది.

*

ఆరేళ్లుగా లేడీస్ సెలూన్ నడుపుతున్నాను. కటింగ్ బాగానే చేస్తానని నా నమ్మకం. చేసిన రోజు అందరూ బాగుందంటారు. కానీ సగం మంది రెండోసారి రావడం లేదు. ఆఫర్లు పెట్టినా అంతే. ఎక్కడ తప్పు జరుగుతోంది?
– ఒక పాఠకురాలు, భీమవరం

వచ్చిన ఉత్తరాలన్నింటిలో నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసింది మీదే. మీ పని చూడకుండా తప్పు ఇదేనని చెప్పలేను. కానీ నా అనుమానం ఒకటుంది. కస్టమర్ రాగానే మీరు చేసే మొదటి పని ఏమిటి? తల తడపడమేనా?

చాలా సెలూన్లలో అదే జరుగుతుంది. మనిషి కూర్చోగానే గుడ్డ కప్పి, స్ప్రే కొట్టి, "ఏ కటింగ్ మేడమ్?" అంటారు. తడిసిన జుట్టు తన సంగతి ఏదీ చెప్పదు. అలలు పోయి సాగి ఉంటుంది. పొడవుగా కనిపిస్తుంది. తడిమీద కనుబొమల దాకా కోసిన ముంగురులు ఆరేసరికి నుదుటి మధ్యకు ఎక్కి కూర్చుంటాయి. ఉంగరాల జుట్టయితే మరీను. ఆ రోజు మీరు డ్రయ్యర్ పెట్టి, బ్రష్‌తో లాగి, సీరమ్ రాసి పంపుతారు కాబట్టి అద్దంలో అందంగానే ఉంటుంది. మూడో రోజు ఆవిడ ఇంట్లో తలస్నానం చేసి, ఫ్యాను కింద ఆరబెట్టుకుంటుంది. అసలు కటింగ్ అప్పుడు బయటపడుతుంది. ఆవిడ మీతో గొడవ పెట్టుకోదు, ఊరికే ఇంకోచోటికి వెళ్తుంది.

అందుకని నా సెలూన్‌లో ఒక పద్ధతి ఉంది. మొదటి అయిదు నిమిషాలు కత్తెర లేదు, నీళ్లు లేవు. మనిషిని వచ్చిన జుట్టుతోనే కూర్చోబెడతాం. క్లిప్పు తీసి, ఎదురుగా కాదు, వెనక నిలబడి చూస్తాం. ఎటు పాపిట తీస్తుంది, ఎటువైపు పలచగా ఉంది, సుడి ఎక్కడుంది. వేళ్లు మాడు దాకా పెట్టి మందం చూస్తాం. తర్వాత అడుగుతాం: తలస్నానం వారానికి ఎన్నిసార్లు? జడ వేసుకుంటారా, క్లిప్పు పెడతారా? హెల్మెట్ పెట్టుకుంటారా? పొద్దున్నే తలకు ఎన్ని నిమిషాలు ఇవ్వగలరు? చంటిపిల్ల తల్లి రెండు నిమిషాలంటుంది. రోజూ పావుగంట బ్రష్ తిప్పితే తప్ప నిలబడని లేయర్లు ఆవిడకు కోసి పంపడం అన్యాయం.

ఇక "కొంచెం తియ్యండి" అన్న మాట ఉంది చూశారా, మన పనిలో ఎక్కువ గొడవలు దానివల్లే. ఒకరి కొంచెం అర అంగుళం, ఇంకొకరి కొంచెం నాలుగంగుళాలు. మాటను నమ్మొద్దు. పాయ ఒకటి ముందుకు తెచ్చి ఆవిడ చేతికే ఇవ్వండి. "ఎక్కడిదాకా ఉండాలో మీరే పట్టుకోండి" అనండి. ఆవిడ వేలు ఎక్కడ ఆగిందో దానికి అర అంగుళం కిందే కోయండి. ఆరాక ఇంకా కావాలంటే తీయొచ్చు, తీసేసింది అతికించలేం.

ఇంకొకటి, నోట్‌బుక్. నాది మామూలు రూళ్ల పుస్తకం. ఇప్పటికి పదిహేడు నిండాయి. తేదీ, చేసిన పని, రంగయితే ఏ షేడు ఎన్ని గ్రాములు, డెవలపర్ (రంగులో కలిపే పెరాక్సైడ్ ద్రవం) ఎంత, ఆ రోజు ఆవిడ చెప్పిన ఒక మాట. "ఎడమవైపు సుడి. జనవరిలో పాప పెళ్లి." ఆర్నెల్ల తర్వాత ఆవిడ వచ్చినప్పుడు, పోయినసారి ఎడమవైపు పొట్టిగా అనిపించిందా అని మీరు అడిగి చూడండి. ఆఫర్ బోర్డులు తీసేసి మూడు నెలలు ఇది చెయ్యండి. ఏమైందో నాకు మళ్లీ రాయండి, నిజంగా తెలుసుకోవాలని ఉంది.

*

కొత్తగా పని నేర్చుకుంటున్నాను. ఏ కత్తెర కొనాలి? ఆన్‌లైన్‌లో మూడొందల నుంచి ముప్పై వేల దాకా ఉన్నాయి.
– ఒక పాఠకుడు, ఖమ్మం

అయిదున్నర లేదా ఆరు అంగుళాలది, చేతికి బరువు అనిపించనిది, నాలుగైదు వేల లోపు ఒకటి చాలు. షాపుకు వెళ్లి వేళ్లు పెట్టి చూసే కొను, బొటనవేలు మాత్రమే కదులుతూ కత్తెర తెరుచుకోవాలి. ఆ కత్తెరతో జుట్టు తప్ప దారం పోగు కూడా కోయకు. రాత్రి తుడిచి రెండు రేకులూ కలిసే మర (స్క్రూ) మీద ఒక చుక్క నూనె వెయ్యి. సాన పట్టించడానికి మాత్రం కూరగాయల కత్తులు పట్టేవాడి దగ్గరికి వెళ్లకు, సెలూన్ కత్తెరలు పట్టేవాళ్లు వేరే ఉంటారు. నా మొదటి మంచి కత్తెర అలాగే పాడైంది.

*

మాది నాయీ బ్రాహ్మణ కుటుంబం. నాన్న ముప్పై ఏళ్లుగా కటింగ్ షాపు నడుపుతున్నారు. నేను హైదరాబాద్‌లో రెండేళ్లు పెద్ద సెలూన్‌లో చేసి వచ్చాను. షాపును మొత్తం మార్చి ఏసీ పెట్టి, కొత్త స్టైల్స్ చేద్దామంటే నాన్న ఒప్పుకోవడం లేదు. డిగ్రీ చదివి ఇదేం పని అని స్నేహితులు కులం పేరు పెట్టి వెక్కిరిస్తున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, జనగామ

నాయనా, ముందు రెండో మాట గురించి. కులం పేరు పెట్టి వెక్కిరించేవాళ్లను స్నేహితులని రాశావు. నాకు ఆ మాట దగ్గర మనసు కలుక్కుమంది. బడిలో నన్నూ అలాగే పిలిచేవాళ్లు. అదే పనిని హైదరాబాద్‌లో గాజు తలుపుల వెనక ఎవరైనా చేస్తే స్టైలిస్టు అంటారు, వేలల్లో ఇస్తారు. పని ఒకటే. మీ ఇంట్లో తరాలుగా ఉన్న చేతిని నువ్వు ఎవరి ముందూ దాచుకోనక్కర్లేదు. తిరుమల కళ్యాణకట్టలో ఇప్పుడు ఆడవాళ్లు కూడా తలనీలాలు తీస్తున్నారు. నా చిన్నప్పుడు అలాంటిది చూస్తాననుకోలేదు.

ఇక నాన్నగారి సంగతి. షాపు మొత్తం మార్చేద్దామని అడిగావు కదా, ఒక కుర్చీ అడిగి చూడు. ఒకే కుర్చీ, ఒక అద్దం, ఒక మంచి లైటు. నీ రేట్ల బోర్డు నీది, ఆయన రేట్లు ఆయనవి. ముప్పై ఏళ్లుగా ఆయన దగ్గర గడ్డం చేయించుకుంటున్న పెద్దవాళ్లు ఏసీ రేటు చూసి గుమ్మం దగ్గరే ఆగిపోతారు. వాళ్లను పోగొట్టుకోవడం ఆయనకు డబ్బు నష్టం మాత్రమే కాదు. పుట్టువెంట్రుకలకు పిలిచేది, పెళ్లికొడుకును చేసేటప్పుడు పిలిచేది, మంచం పట్టిన ముసలాయన్ని ఇంటికి వచ్చి శుభ్రం చెయ్యమని పిలిచేది ఆయన్నే. ఆ ఇళ్ల పిల్లలే రేపు నీ కుర్చీలో కూర్చుంటారు. ఇంకో మాట, పొడవాటి కత్తితో మెడ వెనక గీత తీయడం ఆయన దగ్గర నేర్చుకున్నావా? మిషన్‌తో ఫేడ్ (మెడ దగ్గర సన్నగా మొదలై పైకి మందమయ్యే కటింగ్) చేసే పిల్లలు చాలామంది ఉన్నారు, ఆ గీత తిన్నగా తీయగలిగేవాళ్లు తక్కువ. అయితే బ్లేడు మాత్రం మనిషి మనిషికీ మార్చాల్సిందే, కస్టమర్ కళ్లముందే కాగితం విప్పాలి. నాన్నగారికి ఈ అలవాటు లేకపోతే అది నువ్వు నేర్పు.

డబ్బు విషయం. పీఎం విశ్వకర్మ పథకం 2023 సెప్టెంబర్ 17న మొదలైంది, అందులో ఉన్న 18 వృత్తుల్లో మనదీ ఒకటి. శిక్షణ రోజులకు రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000 ఇస్తారు. అప్పు మొదట లక్ష దాకా, అది తీర్చాక రెండు లక్షల దాకా, వడ్డీ 5 శాతం. కుటుంబంలో ఒక్కరికే ఇస్తారు కాబట్టి మీ ఇద్దరిలో ఎవరు పెట్టుకోవాలో ముందే అనుకోండి. తెలంగాణలో నాయీ బ్రాహ్మణుల సెలూన్లకు నెలకు 250 యూనిట్ల దాకా ఉచిత కరెంటు 2021 ఏప్రిల్ నుంచి వచ్చింది. మీ షాపు మీటరు అందులో నమోదైందో లేదో చూసుకో. ఏసీ పెడితే ఎండాకాలంలో యూనిట్లు ఎంత పెరుగుతాయో ఇప్పుడే లెక్క వెయ్యి. ఏడాదికి 20 లక్షల లోపు రాబడి అయితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. దాటినా, 2025 సెప్టెంబర్ 22 నుంచి సెలూన్ పనుల మీద పన్ను 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది.

ఒక్క కుర్చీ ఏడాది నడిపి, రోజువారీ రాబడి రాసి పెట్టు. ఆ పుస్తకం నాన్నగారికి చూపించు. మా నాన్న కూడా నా మాట విని మారలేదు, నా లెక్కల పుస్తకం చూసి మారారు. మంగళవారం షాపు మూసే అలవాటు ఉంటే అలాగే ఉంచు. ఆ రోజు హైదరాబాద్ వెళ్లి నీకు నేర్పినవాళ్ల దగ్గర కొత్త పని చూసి రావచ్చు.

*

ఇంట్లోనే చిన్న పార్లర్ పెట్టుకున్నాను. పోయిన నెల ఒకామెకు హైలైట్స్ (కొన్ని పాయలకు మాత్రం లేత రంగు) కోసం బ్లీచ్ పెడితే జుట్టు తెగిపోయింది. ఆమె ఏడుస్తుంటే నాకు చేతులు వణికాయి. అప్పటి నుంచి రంగు గిన్నె పట్టుకుంటే టెన్షన్. ఈ పని మానేద్దామా అనిపిస్తోంది.
– ఒక పాఠకురాలు, గుంటూరు

మానేయకండి. నాకు జరిగింది చెబుతాను, ఇప్పటిదాకా ఎక్కడా రాయలేదు.

2006 మాఘమాసం, పెళ్లిళ్లు జోరుగా ఉన్నాయి. సొంత పార్లర్ పెట్టి మూడేళ్లు. పెళ్లికూతురు చెల్లెలు వచ్చి హైలైట్స్ కావాలంది. "ఇంతకుముందు రంగు వేశారా?" అని అడిగాను. లేదంది. అబద్ధం కాదు, ఆ అమ్మాయి దృష్టిలో అది నిజమే. ఆమె నెలనెలా పెడుతున్నది ప్యాకెట్‌లో వచ్చే నల్ల గోరింటాకు పొడి. గోరింటాకు రంగెలా అవుతుంది అనుకుంది. బ్లీచ్ రాసి ఫాయిల్ మడిచిన కొద్ది నిమిషాలకే ఫాయిల్ మీద చెయ్యి పెడితే వేడిగా తగిలింది. విప్పితే పాయ ఉడికించిన సేమ్యాలా సాగి, నా వేళ్లలోకే వచ్చేసింది. పరుగున కడిగాం. అప్పటికే కుడివైపు నాలుగు పాయలు చెవి దగ్గరికి తెగిపోయాయి. మర్నాడు అక్క పెళ్లి.

చెట్టునుంచి కోసి నూరిన గోరింటాకుతో ఇలా జరగదు. కొన్ని ప్యాకెట్ పొడుల్లో లోహ లవణాలు కలుపుతారు. బ్లీచ్‌లోని పెరాక్సైడ్ తగలగానే అవి వేడెక్కి జుట్టును కాల్చేస్తాయి. ఇది నాకు తెలియాలి. తెలియకపోయినా ఒక చిన్న పాయ కోసి, గిన్నెలో బ్లీచ్‌లో వేసి అరగంట చూసి ఉంటే అక్కడే తెలిసేది. ఆ రోజు బయట ఆరుగురు కూర్చుని ఉన్నారని నేను ఆ అరగంట మిగుల్చుకున్నాను. తప్పు నాది. ఆ అమ్మాయికీ వాళ్లమ్మకూ అదే మాట చెప్పాను. డబ్బు తిరిగి ఇచ్చాను. మర్నాడు తెల్లవారుజామున వాళ్లింటికి వెళ్లి, తెగిన చోటు కనపడకుండా కడియపులంక నుంచి తెప్పించిన మల్లెలు, కనకాంబరాలతో పూలజడ కుట్టాను. ఏడాదిన్నర ఆ జుట్టును నేనే చూసుకున్నాను.

ఇప్పుడు నేను "రంగు వేశారా" అని అడగను. "ఈ మూడేళ్లలో తలకు ఏమేం రాశారు?" అని అడిగి, ఒక్కొక్కటి పేరుపెట్టి చెబుతాను: గోరింటాకు, ప్యాకెట్ పొడి, షాంపూ రంగు, నూనెలా వచ్చే రంగు, స్ట్రెయిటనింగ్, కెరటిన్. మూడేళ్లు ఎందుకంటే జుట్టు నెలకు దాదాపు అర అంగుళం పెరుగుతుంది. పద్దెనిమిది అంగుళాల జడ చివర మూడేళ్ల కిందటి సంగతులుంటాయి.

మీరు ఆ కస్టమర్ ఇంటికి ఒకసారి వెళ్లండి. ఫోన్ కాదు, స్వయంగా. తర్వాత మీ చేతులు కుదురుకోవడానికి కొన్నాళ్లు బ్లీచ్ పక్కన పెట్టి, తెల్లజుట్టు కవరింగ్ మాత్రమే చెయ్యండి. 20 వాల్యూమ్ డెవలపర్ చాలు, అందులో 6 శాతమే పెరాక్సైడ్ ఉంటుంది. 40 వాల్యూమ్‌లో 12 శాతం ఉంటుంది, దాన్ని నేను మాడు దగ్గరికి రానివ్వను. రంగు వేసే 48 గంటల ముందు చెవి వెనక ప్యాచ్ టెస్ట్ తప్పకుండా చెయ్యండి. చాలా రంగుల్లో ఉండే పీపీడీ అనే పదార్థం కొందరికి పడదు. మొహం వాచిపోయి ఆస్పత్రిలో చేరేదాకా వెళ్తుంది. "పదేళ్లుగా వేసుకుంటున్నాను, నాకేం కాదు" అంటారు. పదకొండో ఏడు మొదలవ్వొచ్చు. టెస్ట్ వద్దన్నవాళ్లకు రంగు వద్దని చెప్పడం నేర్చుకోండి, ఆ వెయ్యి రూపాయలు పోతే పోనీ.

*

జూబ్లీహిల్స్‌లో సెలూన్‌లో చేరాను. పని వచ్చు కానీ ఇంగ్లిష్ రాదు. కస్టమర్ మాట్లాడితే భయంతో తల ఊపుతున్నాను.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

తల ఊపడం ఒక్కటి ఆపు తమ్ముడూ. అర్థం కాకుండా ఊపితే జుట్టు పోతుంది. లండన్‌లో విడాల్ ససూన్ అని గొప్ప స్టైలిస్టు ఉండేవాడు. 1928లో పుట్టాడు, చిన్నప్పుడు కొన్నేళ్లు అనాథాశ్రమంలో పెరిగాడు, పద్నాలుగేళ్లకు ఒక సెలూన్‌లో తల రుద్దే పనికి చేరాడు. జుట్టును గీతల లెక్కతో కోసి, కడిగి విదిలిస్తే చాలు తనంతట తనే కుదురుకునే కటింగులు ప్రపంచానికి ఇచ్చింది ఆయనే. ఇంగ్లిష్ మాతృభాష అయి ఉండి కూడా తన పేటయాస వల్ల పెద్ద సెలూన్లలో పని దొరకదని మాట దిద్దుకోవడానికి ప్రత్యేకంగా పాఠాలు చెప్పించుకున్నాడు. నువ్వూ రోజుకు అరగంట పెట్టు. మొదట పొడవు, మందం, వైపులు, ముందు, వెనక, ఎక్కువ, తక్కువ లాంటి మాటలు ఇంగ్లిష్‌లో, హిందీలో రానీ. "మీకు నచ్చిన ఫొటో చూపించండి, నచ్చనిది కూడా చూపించండి" అన్న ఒక్క వాక్యం ఇంగ్లిష్‌లో నేర్చుకో. నచ్చని ఫొటో నీకు ఎక్కువ చెబుతుంది.

*

కువైట్‌లో జెంట్స్ సెలూన్‌లో పని ఉందని మా ఊరి ఏజెంటు లక్షా ఇరవై వేలు అడుగుతున్నాడు. ముందు ఇంటి పని వీసా మీద పంపి, అక్కడ మారుస్తానంటున్నాడు. వెళ్లనా?
– ఒక పాఠకుడు, రాజంపేట

ఆ వీసా మీద వద్దు. మీ ప్రాంతంలో అందరికీ తెలిసిందే, ఇంటి పనికిచ్చేది 20వ నంబరు వీసా, కంపెనీలు, షాపులకు ఇచ్చేది 18. 20 మీద వెళ్లి సెలూన్‌లో కత్తెర పడితే అక్కడ నేరం, పట్టుకుంటే పంపేస్తారు. ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఉందో లేదో చూడు. రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగిన సర్వీస్ చార్జీ 30,000, దానిమీద జీఎస్టీ, అంతే. మీ ఊరాయన అడుగుతున్నది అందుకు నాలుగింతలు. జీతం, డ్యూటీ గంటలు, గది, సెలవు కాగితం మీద ఉన్న 18 వీసా వస్తే నిశ్చింతగా వెళ్లు. అరబ్బుల గడ్డం గీతలు చాలా సన్నని పని, వెళ్లేలోపు ఆరు నెలలు గడ్డం పనే గట్టిగా చెయ్యి.

*

వయసు ముప్పై నాలుగు. రాత్రి కాళ్లు లాగుతాయి, కుడిచేతి వేళ్లు తిమ్మిరెక్కుతాయి. ఇంకెన్నాళ్లు చేయగలను?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

వేళ్ల తిమ్మిరికి ముందు డాక్టర్‌కు చూపించండి, నెలలు ఆగకండి. నేను ఆగాను, చివరికి మణికట్టు ఆపరేషన్ దాకా వెళ్లింది. కుర్చీ పైకి లేపి పని చెయ్యండి. మోచేయి భుజం కన్నా పైకి వెళ్లకూడదు, నడుం వంగకూడదు. చక్రాల స్టూలు ఒకటి కొనండి, కింది అంచు కోసేటప్పుడు కూర్చోవచ్చు. చెప్పులు మానేసి మెత్తటి బూట్లు. రంగుకూ, బ్లీచ్‌కూ గ్లవ్స్. హెపటైటిస్-బి టీకా వేయించుకోకపోతే వేయించుకోండి: మొదటిది వేశాక నెలకు రెండోది, ఆరో నెలలో మూడోది. బ్లేడ్లతో పనిచేసే మనలాంటి వాళ్లకు అది చాలా అవసరం. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు కదా, ఏటా ఆ నెలలో నేను వారం రోజులు సెలూన్ మూసేస్తాను. మొదటి ఏడు భయపడ్డాను, ఒక్క కస్టమర్ కూడా పోలేదు.

*

అందరి జుట్టూ మీరు కత్తిరిస్తారు. మరి మీ జుట్టు ఎవరు కత్తిరిస్తారు?
– ఒక పాఠకురాలు, కాకినాడ

ఏడేళ్ల కిందట మా దగ్గర హెల్పర్‌గా చేరిన అమ్మాయి. రెండు నెలలకొకసారి, మంగళవారం, సెలూన్ మూసి ఉన్నప్పుడు. నా జుట్టు ఎలా ఉంటుందో తనకు కళ్లు మూసుకున్నా తెలుసు. అయినా తడపదు. క్లిప్పు తీసి, వెనక నిలబడి, ఎడమవైపు పలచబడిన చోట వేళ్లు పెట్టి చూసి, నోట్‌బుక్ తెరిచి అడుగుతుంది: "ఈ రెండు నెలల్లో తలకు ఏమేం రాశారు మేడమ్?"